కాగితం మీద పడని వాన

2002 అక్టోబరు 3, గురువారం

షెడ్డు కప్పు పోయింది.

సాయంత్రం నాలుగున్నరకు ఎర్రగా దుమ్ము లేచింది. రోజూ వచ్చే గాలే అనుకున్నాను. తీగ మీది బట్టలు తీసేలోపే రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. మొత్తం ఇరవై రెండు. ఆయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. "తల వంచుకో!" అని అరిచాను. పెళ్ళయ్యాక నా మాట వెంటనే విన్నది ఇదే మొదటిసారి.

ఆ వెనకే వాన. విత్తనం వేసినప్పుడు నాలుగు చినుకులు రాల్చి, తర్వాత మొహం చూపించని వాన. పంటంతా ఎండిపోయాక ఇప్పుడొచ్చింది... అరగంట కుండపోత, కప్పు లేని మగ్గం మీద. మూడు చీరల పడుగు తడిసి ముద్దయింది. గుంత నిండింది.

అత్త వాకిట్లో తడుస్తూ దండం పెడుతోంది. "రేకులు పోతే పోనీలేవే రత్నా, వానొచ్చె!"

ఈమెతో ఏం మాట్లాడాలి.

అక్టోబరు 4

పొద్దున్నించి రేకులు వస్తున్నాయి. ఒకటి బడి గోడ మీద పడిందట, రెండు చింతచెట్టులో ఇరుక్కున్నాయట, మిగతావి చేలల్లో. అడక్కుండానే తెచ్చి పడేస్తున్నారు. పరాయి ఇంటి కప్పు మన వాకిట్లో ఉండగా పొద్దు గూకకూడదని ఈ ఊళ్ళో గట్టి నమ్మకం. సాయంత్రానికి పందొమ్మిది చేరాయి. మిగతా మూడూ ఎవరి వాకిట్లోనూ పడలేదన్నమాట.

ఆయన పడుగు విప్పి నీడన ఆరబెడుతున్నాడు. ఎరుపు అంచు రంగు దిగి పసుపులోకి పాకింది.

అక్టోబరు 5

పక్కింటి ఓబులపతి మామ తెల్లవారకముందే సుత్తి పట్టుకొచ్చాడు. ఆరెకరాల వేరుశనగ కళ్ళముందే మాడిపోయిన మనిషి. ఆ దిగులు మోస్తూనే మా గోడ ఎక్కాడు. "రేపు అమాస. కప్పు లేని ఇంట్లో దీపమెట్లా పెడ్తారప్పా?" అన్నాడు. వెనకాలే ఎనిమిది మంది వచ్చారు. వంకరపోయిన రేకుల్ని బండ మీద వేసి చదును చేసి, మధ్యాహ్నానికల్లా బిగించేశారు. లేని మూడింటి చోట టార్పాలిన్ పట్ట కప్పారు. కూలీ ఇస్తానంటే కసిరారు. టీ మాత్రం రెండుసార్లు తాగారు.

ఇలాంటి ఊరు ఇంకెక్కడుంటుంది. ఏడుపొచ్చింది.

అక్టోబరు 6

అమావాస్య. కప్పు కింద దీపం.

అక్టోబరు 7

ఇన్సూరెన్సు సంగతి ఈ రోజు గుర్తొచ్చింది. షెడ్డుకు లోను ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్ళే కట్టించారు. షెడ్డుకూ ఉంది, లోపలి సరుకుకూ ఉంది. పొద్దున బస్సుకు ధర్మవరం పోయి ఫారం నింపాను.

కౌంటర్లో గుమాస్తా అడిగాడు - "సర్వేయరు వచ్చేదాకా ఏదీ ముట్టుకోకూడదు. ముట్టుకోలేదు కదమ్మా?"

తల ఊపాను. ఏ వైపు ఊపానో నాకే తెలియదు.

అక్టోబరు 9

పడుగు ఆరింది. పనికిరాదు. పట్టు బిరుసెక్కింది, జరీ నల్లబడింది, రంగు సరేసరి. ఆయన రెండు పోగులు తీసి వేళ్ళ మధ్య నలిపి, పక్కన పెట్టి లేచాడు. ఇంట్లో ఉన్నదంతా పెట్టి కొన్న పట్టు అది. దీపావళికి ఇవ్వాల్సిన చీరలు.

ఉన్నమాట రాసుకుంటాను. క్లెయిము వస్తే కొత్త పడుగు. రాకపోతే మగ్గం ఆగిపోతుంది, ఆయన బెంగళూరు పోతాడు. వాళ్ళ మేనమామ కొడుకు అక్కడ ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చుంటాడు. ఇంకో కుర్చీ ఖాళీగా ఉందని కబురు పెట్టాడు. పన్నెండేళ్ళ వయసు నుంచి నేత తప్ప మరో పని ఎరగని మనిషి, వచ్చేపోయే కార్లకు సలాం కొట్టాలి.

ఊళ్ళకు పోయేటప్పుడు తీసుకెళ్ళే నీలం సంచి దులిపి కొక్కేనికి తగిలించాడు. ఖాళీదే. అయినా అటే పోతోంది నా చూపు.

అక్టోబరు 11, శుక్రవారం

అనంతపురం నుంచి సర్వేయరు వచ్చాడు. నెత్తిన తుండు, చంకలో అట్ట.

"ఏదమ్మా డ్యామేజి?"

పైకి చూపించాను.

"కప్పు బాగానే ఉండాదే."

"మళ్ళీ ఏసినారు సార్. ఊరోళ్ళు."

"నేనొచ్చేదాకా ఆగకుండా ఎందుకేసినారు?"

"అమాస వచ్చె సార్."

పెన్ను ఆపి నా మొహం చూశాడు. ఆయన ఫారంలో అమావాస్యకు గడి లేదనుకుంటా.

చెడ్డవాడేం కాదు. స్టూలెక్కి రేకులకు పాత మేకుల చిల్లులు, కొత్త మేకుల చిల్లులు రెండూ చూశాడు. సొట్టలు లెక్కపెట్టాడు. తడిసి పాడైన పడుగు చేత్తో పట్టుకుని నిట్టూర్చాడు కూడా. కానీ - "కప్పు గాలిది, అది నేను రాసుకుంటా. పడుగు వానది. వచ్చేటప్పుడు మండలాఫీసులో చూసొచ్చినా, ఆ పొద్దు వాన సున్నా అని ఉండాది."

"ఆడ పడలేదేమో సార్. ఈడ పడింది."

"అయితే ఊళ్ళో ఐదుమందితో పంచనామా రాయించు. గాలి, వాన రెండూ ఉండాల. సెక్రటరీ ముద్ర ఉండాల. ఇరవై ఐదుకు మళ్ళీ వస్తా."

ఐదుమందే కదా. తడిసింది ఊరంతా.

అక్టోబరు 15

దసరా. మగ్గానికి పసుపు, కుంకుమ, పూలు. మగ్గం మీద ఒక్క పోగు లేదు. అత్త హారతి ఇస్తుంటే ఆయన గుమ్మం అవతలే నిలబడ్డాడు.

అక్టోబరు 17

పంచాయతీ సెక్రటరీ దగ్గరికి పోయాను. నా చేత్తో రాసిన పంచనామా చదివి, పామును చూసినట్టు బల్ల మీద పెట్టాడు.

"భారీ వర్షమా? ఈ నెలలోనా? ఏమక్కా, నన్ను ఊళ్ళో ఉండనిస్తావా లేదా?"

విషయం ఏమిటంటే, ఇరవై ఎనిమిదిన కరువు చూసేందుకు పెద్ద ఆఫీసర్లు వస్తున్నారట. మన ఊరి పొలాలకే వస్తున్నారట. వాళ్ళు కరువని రాస్తేనే పోయిన పంటకు డబ్బులు. చుక్క పడలేదని ఫైలు సిద్ధంగా ఉంది. అందులోకి నా వాన వచ్చి పడిందంటే - "ఆ ఊళ్ళో వానలున్నాయంట, పక్క మండలానికి పోదాం పదండి అంటారు. అంతే. ముందు ఐదు సంతకాలు తెచ్చుకో, తర్వాత చూద్దాం."

ఎవరూ పెట్టరని సెక్రటరీకి తెలుసు.

అక్టోబరు 18

ఇల్లిల్లూ తిరిగాను. ఒకాయన - "ఆ పొద్దు నేను కదిరి సంతలో ఉంటిని రత్నా." మరి మా పంచలో నిలబడి తుండు పిండుకున్నది ఎవరో. ఇంకొకాయన - "ఏదో తుంపర పడినట్టుండె." అరగంట కుండపోత పదిహేను రోజులకు తుంపర అయింది. ఇంకో పది రోజులు పోతే పొగమంచు అంటారు.

ఇంటికొచ్చి రెండు చెంబుల నీళ్ళు తాగాను.

అక్టోబరు 19

ఓబులపతి మామ మీద ఆశ పెట్టుకున్నాను. అరుగు మీద కూర్చోబెట్టి, మెల్లగా చెప్పాడు.

"ఆ వానకు నా చేన్లో ఒక్క చెట్టు లేసిందా రత్నా? లేయలేదు. కానీ కాగితం మీద వాన పడితే మాత్రం కరువు పోతాది. అది మా అందరి నోటికాడి కూడు."

లేచి వచ్చేశాను.

అక్టోబరు 21

కోపం తగ్గలేదు. ఎవరు వేయమన్నారు ఆ రేకులు? అలాగే వదిలేసి ఉంటే కప్పు లేని షెడ్డే సాక్ష్యం చెప్పేది. నీళ్ళు నిండిన గుంత సాక్ష్యం చెప్పేది. మేలు చేసి కొంప ముంచారు.

ఇలా రాసినందుకు సిగ్గుగా ఉంది. కొట్టేయను, ఉండనీ.

అక్టోబరు 23, బుధవారం

పొద్దున్నే మామ వచ్చాడు. ఒక్కడే కాదు, వెనక నలుగురు. కదిరి సంతకు పోయినాయన, తుంపర చూసినాయన కూడా ఉన్నారు.

"యాడ పెట్టాలో చూపించు" అన్నాడు మామ.

"మరి ఆఫీసర్లొస్తే?"

"వస్తే రానీ. మీ నాగరాజు ఊరిడిసి పోతాడంట కదా, నీ అత్త మా ఇంటికొచ్చి ఏడ్చె. రేకు తెచ్చిచ్చి మనిషిని పోగొట్టుకుంటామా?"

ఈ అత్త నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

కాగితం తీసి అరుగు మీద పెట్టాను. మామ చదవలేదు. పెన్ను పట్టుకుని వంగాడు. మామ భార్య మాత్రం వీధిలోనే ఆగిపోయింది, కొంగులో ఎండు వేరుశనగ కాయలు. చేలో చెట్లు పీకి తెచ్చినట్టుంది. ఒక్కో కాయ నలిపి, లోపల గింజ లేక, పారేస్తోంది. నావైపు చూడలేదు. చూసి ఉంటే సంతకాలు పెట్టనిచ్చేదాన్నేమో.

పెన్ను తగలబోతుంటే కాగితం లాగేశాను.

"ఉండు మామా. తప్పు రాసినా."

ఇంకో కాగితం తీసుకుని మళ్ళీ రాశాను. మూడో తేదీ సాయంత్రం పెనుగాలికి రేకులు ఎగిరిపోయినవి. అక్కడ చుక్క పెట్టాను. ఐదుగురూ సంతకాలు చేశారు. మామ ఈసారి చదివి చేశాడు. చదివాక తుండుతో మొహం తుడుచుకున్నాడు.

సెక్రటరీ ముద్ర వేయడానికి అర నిమిషం పట్టలేదు.

ఇంట్లో ఆయనకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

అక్టోబరు 25, శుక్రవారం

సర్వేయరు పంచనామా రెండుసార్లు చదివాడు.

"గాలి ఒకటే రాసినారే. వాన ఏమాయె?"

"పడలేదు సార్."

నేను ఆడిన అబద్ధాల్లో ఇంత ఖరీదైంది ఇంకొకటి లేదు. షెడ్డు గుమ్మంలో ఓబులపతి మామ తల దించుకుని నిలబడి ఉన్నాడు.

సర్వేయరు నమ్మలేదు. గుంత దగ్గర వంగి చూశాడు. నడుం లోతు గుంత. నీళ్ళు ఎక్కడిదాకా నిలిచాయో మట్టి గోడ మీద చార స్పష్టంగా ఉంది. వేలు పెట్టి గీశాడు.

"అయితే ఈ నీళ్ళ గుర్తేందమ్మా?"

ఇన్ని ఆలోచించినదాన్ని, గుంత గోడ మీది చార సంగతి మరిచిపోయాను.

మూలన కూర్చుని మగ్గం నాడెలు తుడుస్తున్న మా ఆయన తలెత్తాడు. నావైపు చూశాడు, గుమ్మంలో మామవైపు చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే అంతా అర్థమైపోయింది మనిషికి.

"బిందె ఒలికింది సార్" అన్నాడు.

సర్వేయరు గుంతలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. పెన్నుకు మూత పెట్టి, "పెద్ద బిందె" అని లేచాడు.

సర్వేయరూ మామా వెళ్ళాక షెడ్డులో ఇద్దరమే మిగిలాం. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. నాడెలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి అటక మీద పెట్టాడు. "అన్నం పెట్టు" అన్నాడు.

అక్టోబరు 26

రాత్రి అడిగాను - "నాకు ముందే తెలిసి ఉంటే ఏం చేసేవాడివి?"

"తెలీదు" అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

అక్టోబరు 28

జీపులు మూడు. మామ చేలో పది నిమిషాలు ఆగారు. ఒకాయన ఎండిన చెట్టు పీకి చూశాడు. ఇంకొకాయన ఫొటో తీశాడు. పోయారు. ఏమిస్తారో, ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు.

అక్టోబరు 31

రేకుల వరకు వస్తుందట, రెండు నెలలు పట్టొచ్చట - బ్యాంకులో చెప్పారు. పడుగు మాట వాళ్ళెత్తలేదు, నేనూ ఎత్తలేదు. అటునుంచి అటే పట్టు షావుకారు ఇంటికి పోయాను. పడుగు ఆయనిస్తే కూలికైనా నేస్తామన్నాను. "పండగ పోనీ, చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాంలో ఎంత చూపు ఉందో.

బెంగళూరు నుంచి మళ్ళీ కబురు. కుర్చీ ఎక్కువ రోజులు ఖాళీగా ఉంచరట.

నవంబరు 3, ఆదివారం

రేపు దీపావళి అమావాస్య.

మధ్యాహ్నం నుంచి ఈశాన్యాన మబ్బు. ఊళ్ళో అందరూ వాకిళ్ళలోకి వచ్చి పైకి చూస్తున్నారు. పడాలని ఒక్కరూ అనలేదు, పడకూడదని కూడా అనలేదు. ఓబులపతి మామ సుత్తి పట్టుకుని, ఎవరూ పిలవకుండానే మా కప్పెక్కి మేకులన్నీ మళ్ళీ ఒకసారి కొట్టాడు. దిగేటప్పుడు - "పడినా మనలో మనమాటేలే రత్నా." నవ్వబోయాడు. నాకు నవ్వు రాలేదు, మామకూ రాలేదు.

మా ఆయన షెడ్డులోకి పోయి ఖాళీ మగ్గం మీద పట్ట కప్పాడు. నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. పోయేవాడు అంత జాగ్రత్తగా కప్పుతాడా? పోయేవాడే అలా కప్పుతాడేమో.

సంచి కొక్కేనికే ఉంది. ఇప్పుడే చేత్తో నొక్కి చూశాను. అడుగున ఒక చొక్కా ఉంది.