నీలం గేటుకు చేర్చవలసిన కబురు

ఏడు వీధులు కలిసే చోట మూల మీది గదిలో గొడుగులు బాగుచేసుకుంటూ బతికినవాడిని, ఊళ్ళో అందరూ గొడుగులాయన అని పిలిచేవాడిని అయిన నేను, గుండె బలం తగ్గిందని డాక్టరు చెప్పినా బుర్ర మాత్రం సరిగ్గానే పనిచేస్తుండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. రాసేంత ఆస్తి ఇప్పుడూ లేదు. ఉన్న కాస్తా ఎవరికి చెందాలో తేల్చకుండా పోతే ఊరు తనకు తోచినట్టు తేలుస్తుంది. అది నాకు ఇష్టం లేదు.

నాకు భార్యాబిడ్డలు లేరు. రక్తసంబంధీకులు ఒక చెల్లెలు, ఆమె కూతురు మాత్రమే. చెల్లెలు రెండు వీధుల అవతల నీలం గేటు ఇంట్లో ఉంటుంది. మా ఇద్దరికీ మాటలు లేవు.

ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత ఎదురుగా పంచరు షాపు నడిపే అబ్బాయికి అప్పగిస్తున్నాను. అతని జుట్టు నెరిసింది కానీ నాకు అబ్బాయే. నన్ను బాబాయ్ అంటాడు. వినకపోయినా విన్నట్టు తలాడించే అలవాటు ఉంది కాబట్టి, ఇది రెండుసార్లు చదవవలెను.

1. నేను నివసించే గది మా నాన్న ఆస్తి పంపకంలో నా వాటాకు వచ్చింది. అప్పట్లో మా బావగారు అందులో బట్టల కొట్టు పెట్టుకుంటానన్నారు. పని చేసుకోవడానికి కిటికీ వెలుతురు ఉన్న చోటు నాకు అదొక్కటే కాబట్టి ఇవ్వనన్నాను. మా చెల్లెలు మెట్లు దిగుతూ, "ఆ కిటికీతోనే కాపురం చెయ్యి, అన్నయ్యా" అంది. చేశాను. తప్పెవరిదో ఈ కాగితంలో తేలదు. బావగారు కూడా ఇప్పుడు లేరు.

సదరు గదిని, గోడలతో, కప్పుతో, కారే చోటుతో సహా, నా తదనంతరం మా చెల్లెలికి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు. కిటికీ మూసి గోడ కట్టకూడదని షరతు పెడదామనుకున్నాను. పెట్టడం లేదు. గది ఆమెదయ్యాక కిటికీ కూడా ఆమెదే.

2. ఆ కిటికీ ఏమిటో తెలియాలంటే మా ఊరి సంగతి కొంత రాయాలి. పత్రాల్లో ఇలాంటివి రాయరని తెలుసు.

మా ఊళ్ళో చూడదగ్గది ఏమీ లేదు. బయటినుంచి వచ్చినవాళ్ళు పని చూసుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతారు. కానీ మా ఊళ్ళో దారి అడిగితే తెలియదు అనేవాడు లేడు. తెలియకపోయినా చెప్తాడు. అదీ ఇప్పుడు లేని వాటిని గుర్తుగా పెట్టి చెప్తాడు. ఐసు ఫ్యాక్టరీ మలుపు తిరగమంటాడు. ఫ్యాక్టరీ నా చిన్నప్పుడే మూతపడింది. పాత ఆసుపత్రి వీధిలో ఆసుపత్రి లేదు. మూడు మెట్ల సందులో మెట్లు రోడ్డు కిందికి పోయాయి. ఊరివాళ్ళకు అవన్నీ కనిపిస్తూనే ఉంటాయి. కొత్తవాడికి కనిపించవు. వాడు రెండు చుట్లు తిరిగి చెమటలు కక్కుతుంటే ఎవరో ఒకరు నా కిటికీ దగ్గరికి పంపేవారు. పగలంతా అక్కడే కూర్చునేవాడిని నేనొక్కడినే. చేతిలో గొడుగు పట్టుకునే దారి చెప్పేవాడిని. చాలా రోజులు నేను మనుషులతో మాట్లాడింది అంతే.

3. ఒకసారి పెట్టె పట్టుకుని వచ్చిన ఒకాయన రిటైరైన మాస్టారి ఇల్లు అడిగాడు. నీలం గేటు ఇంట్లో ఒకావిడను అడిగితే గొడుగులాయన్ని అడగమందని చెప్పాడు. మాస్టారి ఇల్లు ఆ నీలం గేటుకు ఆనుకునే ఉంది. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. చెల్లెలు నన్ను ఆటపట్టించడానికి చేసిందనుకున్నాను. తర్వాత కూడా అలాగే మనుషులు వచ్చారు, పక్కింటికి, ఎదురింటికి, ఒకడు ఆమె మేడమీద అద్దెకిచ్చిన వాటాకే. ఆ చివరివాడిని ఆవిడ ఏమందో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. "ఆయన ఉంటే చెప్తాడు. లేకపోతే వచ్చి నాకు చెప్పండి" అందట.

ఆ రోజు నుంచి అలా వచ్చినవాళ్ళకు నీలం గేటు మీదుగానే దారి చెప్పాను. గేటు దగ్గర ఆగి, దారి దొరికిందని ఆవిడకు ఒక మాట చెప్పి వెళ్ళమనేవాడిని. కొందరు చెప్పి ఉంటారు.

ఒక చలికాలం జ్వరం వచ్చి కిటికీ తెరవలేదు. మూడో రోజున మేనకోడలు గొడుగు పట్టుకుని వచ్చింది. అది నిక్షేపంలాంటి గొడుగు. "అమ్మ పంపలేదు మామయ్యా, నేనే వచ్చాను. అలాగే చెప్పమంది" అని ఒక్క గుక్కలో అనేసింది. అప్పటికి దానికి పాలపళ్ళు కూడా ఊడలేదు.

4. మేనకోడలికి నల్ల చెక్కపిడి గొడుగు. నేను చేసిన వాటిలో ఊచలన్నీ ఒకేసారి విచ్చుకునేది అదొక్కటే. ఉద్యోగం చేసే చోట వానలు తక్కువని విన్నాను. ఎండకు వేసుకోవచ్చు.

5. బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రానివాళ్ళ గొడుగులు గోడకు వేలాడుతున్నాయి. వాటిని వానాకాలంలో బస్టాండులో పెట్టవలెను. ఎవరైనా తీసుకోవచ్చు. నా పటకారు, సూదులు పంచరు షాపు అబ్బాయికి. అడక్కుండా వాడుకుంటున్నవి ఇకమీద వాడి సొంతం.

6. మున్సిపాలిటీ గుమాస్తాకు తెరుచుకోని గొడుగు ఒకటి. రెండేళ్ళ క్రితం ఈయన వీధులకు నంబర్లు వేయించి, బోర్డు తెచ్చి నా కిటికీ పైనే మేకులు కొట్టించాడు. నాలుగో వీధి ఏదంటే ఊళ్ళో ఎవరికీ తెలియదు, గుమాస్తాకు కూడా. అయినా కొత్తవాళ్ళు బోర్డు చూసి, చేతిలో ఫోను చూసుకుని వెళ్ళిపోతున్నారు. తప్పు దారినే వెళ్తున్నారు, కానీ అడగడం లేదు. "బాబాయ్, ఇక నీకు సెలవులే" అన్నాడు పంచరు షాపు అబ్బాయి. నవ్వించడానికే అన్నాడు.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక నీలం గేటు నుంచి ఎవరూ రాలేదు. నేను ఉన్నానో లేనో చెల్లెలికి తెలిసే మార్గం అదొక్కటే. నేను నడిచి వెళ్ళవచ్చు. ఆమె రావచ్చు. వెళ్ళలేదు, రాలేదు. మా ఇంటి మనుషులం ఇంతే. దీని మీద సలహాలు అక్కర్లేదు.

7. ఇది అన్నిటికంటే ముఖ్యం. నేను పోయిన సంగతి మా చెల్లెలికి ఊరి నోటిమీదుగా తెలియకూడదు. పంచరు షాపు అబ్బాయి కూడా వెళ్ళకూడదు. సందు మలుపులోనే అతని ముఖం చూసి గ్రహిస్తుంది. ఇంకెవరికీ చెప్పకముందే బస్టాండుకు వెళ్ళి, మా ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని ఒకరిని బతిమాలి నీలం గేటు దగ్గరికి పంపవలెను. గేటు వరకు దారి సరిగ్గా చెప్పవలెను. ఆ మనిషి ఆమెతో, "కిటికీ దగ్గర ఆయన లేడమ్మా" అని మాత్రం అనవలెను. ఇంకేమీ అనక్కర్లేదు. లేకపోతే వచ్చి చెప్పమని అడిగింది ఆమే.

అప్పటికి కిటికీ తలుపులు రెండూ తెరిచి ఉంచవలెను. దారి ఆమెకు తెలుసు.

సాక్షులు నేను సంతకం చేయడం చూశారు, విషయం చదవలేదు. టైలరమ్మ చదవబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

2019 జూలై 11, గురువారం, మధ్యాహ్నం, కిటికీ దగ్గర.

(సంతకం) గొడుగులాయన

సాక్షులు:
మందుల షాపాయన
మూడు మెట్ల సందు టైలరమ్మ