రేకుల బడిలో సీటు

శ్రీవారికి,

ఇక్కడ నేనూ, మన పిల్ల పిట్టా క్షేమం. మీ అక్కగారూ క్షేమమే. నామీద కోపం వచ్చిన దగ్గర్నుంచీ మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయారు. మీరు అక్కడ వేళకి తింటూ, ఆ క్రేన్ నిచ్చెన మీద జాగ్రత్తగా కాళ్ళు పెడుతూ ఉన్నారని తలుస్తాను.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటి అనుకుంటారు. ఫోన్లో నేను "బడి" అనేలోపే మీరు "సీటొచ్చిందా" అంటారు. "వచ్చింది గానీ" అనేలోపే "సరే, ఉంటా" అని పెట్టేస్తారు. కాగితం మీదైతే నాకు అడ్డు రాలేరు కదా, అందుకే.

చెప్పుల పార్సిల్లో మీరు పెట్టిన ఉత్తరం అందింది. చెప్పులు పిట్టకి కాస్త పెద్దవే, ఫరవాలేదు, వేసుకుని ఇల్లంతా తిరుగుతోంది. ఆరో క్లాసుకి మన పేటలోని రెండు సర్కారు బళ్ళూ చూసి, ఏది ఎలా ఉందో రాయమన్నారు. లాండ్రీలో సెలవు పెట్టి, మీ అక్కగారిని వెంటబెట్టుకుని మరీ చూశాను.

మేడబడికి కొత్తగా రంగులు వేశారు. కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. బాత్రూములకి నిజంగా పడే గడియలున్నాయి. పదో తరగతి ఫలితాలు గేటుకి బ్యానరు కట్టి పెట్టారు. ఇక రేకుల బడి సంగతి పేరులోనే ఉంది. వానొస్తే పంతులుగారి మాట వినబడక పిల్లలు లెక్కలు చేసుకుంటూ కూర్చుంటారట. ఆటస్థలంలో సగం సైకిళ్ళే. లైబ్రరీ అంటే ఒక బీరువా, దానికీ ఒక తలుపు లేదు. మీరడిగిన ప్రతిదాంట్లోనూ మేడబడే గెలిచింది. నా చేత్తో నేనే రాస్తున్నాను, రేపు దాచిపెట్టావని అనకండి.

మేడబడి పెద్ద మేడమ్ మంచావిడే. "పేరేంటమ్మా?" అని పిట్టని అడిగింది. మన పిల్లకి మొదటి అక్షరం దగ్గర మాట ఆగిపోతుందని తెలుసుగా. పెదవులు కదులుతుండగానే నేను పేరు చెప్పేశాను. ఏ క్లాసు చదివావంటే మీ అక్కగారు చెప్పారు. "నీకేమంటే ఇష్టం?" అంటే "బొమ్మలేయడం" అని మళ్ళీ నేనే. మేడమ్ రాసుకుంది, సీటిచ్చింది. మేము ముగ్గురం మాట్లాడుకుని ముగించేశాం. మీ అక్కగారు దారి పొడుగునా మురిసిపోయారు. పిట్ట మాత్రం చెప్పుల వంక చూసుకుంటూ నడిచింది.

సీటొచ్చాక రెండోది చూడటం దేనికన్నారు మీ అక్కగారు. మా ఆయన రెండూ చూడమన్నారన్నాను. చూశారా, మీ మాటే నిలబెట్టాను!

రేకుల బడిలో లెక్కల మాస్టారు చొక్కా నిండా సుద్ద పొడితో క్లాసు గుమ్మంలోనే నిలబడి పిట్టని పేరడిగారు. అలవాటు కొద్దీ నోరు తెరిచాను. "మిమ్మల్ని కాదమ్మా, పాపని" అన్నారు. ఆగారు. నా నోటికి నేనే కొంగు అడ్డం పెట్టుకున్నాను. లోపల పిల్లలెవరూ నవ్వలేదు, తొంగి కూడా చూడలేదు. వాళ్ళకది మామూలే కాబోలు. పిట్ట చెప్పింది. మొత్తం పేరు, ఇంటిపేరుతో సహా!

"నీకేమంటే ఇష్టం?" అని అడిగారు. మళ్ళీ ఆగారు.

"క్... క్... క్రేను," అంది. "నేనూ నాన్నలాగా క్రేను నడుపుతా."

"అంత పైకా? ఎందుకూ?"

"అక్కడైతే నా మాట మ... మధ్యలో ఎవరూ లాక్కోరు."

ఏమండీ, ఇన్నాళ్ళూ ఆ పిల్లకి సాయం చేస్తున్నాననుకున్నాను. బొమ్మలంటే ఇష్టమని ఊరంతా చెప్పుకొచ్చాను. అది వేసే ప్రతి బొమ్మా క్రేనేనని అడిగి తెలుసుకోలేదు. గుమ్మంలోనే ఏడ్చేశాను, సిగ్గు కూడా వేయలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మేడబడి సీటు వదులుకుంటున్నామని సంతకం పెట్టేశాను. అది అప్పుడే పక్కవీధి ఎలక్ట్రీషియన్ కూతురికి వెళ్ళిపోయింది. పిట్ట వారం నుంచీ రేకుల బడికే వెళ్తోంది. మీరెంత అరిచినా ఆ సీటు తిరిగి రాదు, వచ్చినా నేను తీసుకోను. "మా తమ్ముణ్ణి రానీ, నీ పని చెబుతాడు" అన్నారు మీ అక్కగారు. "రానివ్వండి వదినా, ఆయనకీ నేను చెప్పే పనొకటుంది" అన్నాను.

ఆ పనేంటంటే, ఆదివారం ఫోన్ చేసినప్పుడు నేను పిట్టకిచ్చి అవతలికి వెళ్ళిపోతాను. అది మీకు కొత్త బడి కబుర్లు చెబుతుంది. కింద మనిషి చెయ్యి ఊపేదాకా బరువు కదపనని గొప్పగా చెప్పుకుంటారే, అంత ఓపికా కూతురి దగ్గర చూపించాలి. మాట ఆగినా మీరు అందించకూడదు. లైను కట్టయిందేమోనని "హలో, హలో" అనకూడదు. కట్టవ్వదు. అది చెబుతూనే ఉంటుంది.

ఇట్లు,
ఈసారి మాట పూర్తిగా చెప్పిన
మీ ఇల్లాలు