మోగిందంటారు మీరిద్దరూ

ఇంటిదానికి దీవెనలు.

వంటింటి కప్పుకి ఆ తెల్ల బుడిపె బిగించిన నాటినుంచీ నా గొంతులో ఒక ముల్లుంది. ఇన్నేళ్ళూ మింగలేక, కక్కలేక ఊరుకున్నా. మీ చెల్లెలి చెయ్యి విరిగిందని నువ్వు బస్సెక్కి వెళ్ళావు. ఇల్లు ఖాళీ అయింది గానీ ముల్లు కదల్లేదు. ఇవాళ కక్కేస్తున్నా. కూర్చుని చదువు, నిలబడి చదివితే పడతావు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు గొణుగుతావు. నీ ఒక్కదానిదే ఏంటిలే, ఈమధ్య అందరిదీ గొణుగుడే. నా రాత కోడి గెలికినట్టుంటుంది, అయినా కాగితం గొణగదు.

ఎదురింటి టైలరు సంగతి చెప్పాలి.

పొగొస్తే కూత పెడుతుందని బిల్డింగు వాళ్ళు ఇంటింటికీ ఆ అలారం పెట్టారు. మనింట్లో సరిగ్గా పొయ్యి నెత్తిన పెట్టారు. మంచిదే, కొంపంటుకుంటే తెలియాలిగా. కానీ నువ్వు ఉల్లిపాయలు వేయించినా, మిరపకాయలు వేయించినా, రొట్టె ఒక పక్క మాడినా ఎదురింటి తలుపు తెరుచుకుంటుంది. మెళ్ళో టేపు, చేతిలో గజంబద్ద, భుజాన తడిగుడ్డ. పెళ్ళాం పోయిన మనిషికి అంత ఇస్త్రీ చొక్కా ఎందుకో నాకు తెలీదు. "చెల్లెమ్మా, మోగుతోంది!" అంటూ దూసుకొస్తాడు. కిటికీలు తీస్తాడు. గజంబద్దతో ఆ బుడిపె పొట్టలో పొడుస్తాడు. దాని కింద నిలబడి తడిగుడ్డని గిరగిరా తిప్పుతాడు. నువ్వు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతావు. ఆ నవ్వు నేనెరుగుదును. కొత్తలో నాకోసం నవ్వేదానివి. తర్వాత వయసుతో పాటు అదీ అయిపోయిందనుకున్నా. అయిపోలేదన్నమాట, ఎదురింటికి వడ్డిస్తున్నావు.

ఆ పైన టీ ఒకటి. "పాపం అన్నయ్యగారు పరిగెత్తుకొచ్చారు, రెండు గుక్కలు తాగి వెళ్ళండి." అన్నయ్యగారట! నీ సొంత అన్న వచ్చినప్పుడు అన్ని బిస్కెట్లు బయటికి రాలేదు. ఆ టైలరు నా వైపు తిరిగి, "ఏం బావగారూ, బాగున్నారా?" అంటాడు. ఆ వరస నేనెప్పుడిచ్చాను? నా కుర్చీలో నేను కూర్చుని ఉండగానే నా ఇంటికి నేను చుట్టాన్నైపోతా.

ఇంతే అయితే ఓర్చుకుందును. అసలు సంగతి వేరే. ఆ బుడిపె మోగదు.

అవును, మోగదు. వంటింటికీ నా కుర్చీకీ మధ్య తలుపైనా లేదు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా అది మోగగా నేను వినలేదు. అది మోగకుండానే వాడొస్తాడు. "మోగుతోంది" అని వాడంటాడు, "అవునండీ, మోగుతోంది" అని నువ్వంటావు. ఇద్దరూ మొహమొహాలు చూసుకుంటారు. ముసలాడు చూడలేదనుకుంటారు. మన కుక్కరు కూడా ఈమధ్య కూత మానేసింది, రబ్బరు మార్చవే అంటే "బాగానే కూస్తోందిగా" అంటావు. ఈ ఇంట్లో కూయనివన్నీ కూశాయనడం నీకు అలవాటైపోయింది.

ఒకసారి అడిగాను కూడా. "ఏదీ, నాకు వినపడలేదే?" అన్నా. నువ్వు వాడి వైపు చూశావు. వాడు గజంబద్ద వైపు చూశాడు. "ఇప్పుడే ఆగిందిలెండి" అన్నావు. బాయిలర్ల షెడ్డులో సుత్తితో రివిట్లు కొట్టినంతకాలం ఎందరో అబద్ధాలకోర్లను చూశా. ఆ మొహం నాకు తెలుసు. నీలో చూడటమే కొత్త.

ఆమధ్య వాడి సలహా ఒకటి. "దీన్ని పొయ్యి నెత్తిన కాదు బావగారూ, నడవలో పెట్టించండి. వంటపొగకి ఊరికే మోగదు." వద్దన్నా. నడవంటే వాడి గుమ్మానికి ఇంకా దగ్గర.

అందుకని రేపు నేనే పొయ్యి వెలిగిస్తున్నా. మూకుట్లో నూనె పోసి, ఎండుమిరపకాయలు వేసి మాడనిస్తా. తలుపు గడియ పెట్టుకుని కూర్చుంటా. నువ్వు లేని ఇంటికి వాడొస్తాడో రాడో చూస్తా. రాకపోతే, ఇన్నాళ్ళూ వచ్చింది పొగకోసం కాదని తేలినట్టే. అప్పుడు నువ్వక్కడే ఉండు. మీ చెల్లెలి చెయ్యి అతికినా ఉండు.

కోపంగా ఉన్న
నీ మొగుడు

*

ఇంటిదానికి,

మొదటిది చదివే ఉంటావు. దాన్ని మీ చెల్లెలికి చూపించకు. ఇప్పటికే చూపించి ఉంటే ఇది కూడా చూపించు, సగం తెలియడం మంచిది కాదు.

నేను బాగున్నా, ముందే చెప్తున్నా. వంటింటి గోడ మాత్రం బాలేదు.

అన్నట్టే చేశా. నూనె పోశా, మిరపకాయలు వేశా, గడియ పెట్టా. వంటింటికి వీపు, గుమ్మానికి మొహం పెట్టి కూర్చున్నా. ఘాటొచ్చింది, దగ్గాను, కళ్ళు మండాయి, అయినా లేవలేదు. పంతం. బుడిపె మోగలేదు. చూశావా, అనుకున్నా. ఇంతలో తలుపు మీద దబదబా పిడిగుద్దులు. నాకు బుర్ర తిరిగిపోయింది. ఇంట్లో నువ్వు లేవు. అది మోగలేదు. మరి వీడెందుకొచ్చినట్టు? ఈ రెండిటికీ పొంతన కుదరలేదు. గడియ తీసి, "ఏం, మోగిందా?" అన్నా వెటకారంగా.

"మోగడమా! మెట్లమీద జనం నిలబడ్డారు బావగారూ, తప్పుకోండి!" అని నన్ను పక్కకి తోసేశాడు. నా ఇంట్లో, నన్ను!

వెనక్కి తిరిగి చూద్దును కదా, మూకుట్లోంచి మంట లేచి గోడని నాకుతోంది. వాడు పొయ్యి కట్టేశాడు. పెద్ద మూత తెచ్చి మూకుడు మీద బోర్లించాడు. మంట చచ్చింది. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపమొస్తుందని నీకు తెలుసుగా. "ఇంత మంట లేచినా మోగనిదాన్ని చూపించి ఇన్నేళ్ళూ నా కొంపలో నాటకమాడారు మీరిద్దరూ!" అని అరిచా.

టైలరు నా చొక్కా పట్టుకుని బుడిపె కిందకి లాగాడు. నా మొహంలో మొహం పెట్టి అన్నాడు, "బావగారూ, అది మోగుతోంది. ఇప్పుడు మోగుతోంది."

తలెత్తి చూశా. దాని ఎర్ర కన్ను టకటకా కొట్టుకుంటోంది. టైలరు ఒక చెవిని భుజానికి అదుముకుని రెండోదాంట్లో వేలు పెట్టుకున్నాడు. గుమ్మంలో కింది అంతస్తు టీచరమ్మ రెండు చెవులూ మూసుకుని మొహం చిట్లించుకుంది. ఆమె వెనక పై అంతస్తు మేస్త్రీ చెవులు మూసుకున్నాడు. మేస్త్రీ పెళ్ళాం మూసుకుంది. అందరూ చెవులు మూసుకుని నావైపే చూస్తున్నారు. నేనొక్కణ్ణే చేతులు వేలాడేసుకుని నిలబడ్డా. నాకు ఇల్లంతా సద్దుమణిగినట్టుంది.

టైలరు గజంబద్ద ఎత్తి పొడిచాడు. వాళ్ళందరి చేతులూ ఒక్కసారిగా కిందకి దిగాయి. ఆగిందన్నమాట అని, అలా తెలిసింది నాకు.

జనాన్ని పంపించి టైలరే టీ పెట్టాడు. టీ పోస్తూ ఒక్కొక్కటీ చెప్పాడు. సుత్తుల మధ్య బతికినవాళ్ళకి ముందు సన్నని కూతలే పోతాయట. తలుపు చప్పుడుంటుంది, మనిషి గొంతు సగమో ముప్పాతికో ఉంటుంది, సన్ననివి మాత్రం జారిపోతాయట. నువ్వది ఎప్పుడో పసిగట్టావట. "నేను స్నానంలోనో బజారులోనో ఉన్నప్పుడు అది మోగితే ఆయనకి తెలీదు అన్నయ్యగారూ. ఏ పూట మోగినా ఒకసారి వచ్చి చూడండి. ఆయనతో మాత్రం అనకండి, పౌరుషం మనిషి, తట్టుకోలేడు" అని బతిమాలావట. అందుకే ఉల్లిపాయ మాడినా పరిగెత్తుకొచ్చాడు. ఆ గుడ్డ తిప్పుడూ గంతులూ నాకు అనుమానం రాకుండా చేసిన హడావిడట. అది చూసే నువ్వు నవ్వావట. ఇదంతా చెప్తూ నా కళ్ళలోకి చూడలేదు. మంచివాడే. రాయడానికి చెయ్యి రావట్లేదు గానీ, మంచివాడే.

ఇప్పుడు నా కుళ్ళు తీరిపోయిందనుకుంటున్నావా? రెట్టింపైంది. నవ్వు వాడికిచ్చావు, పోనీ. టీ ఇచ్చావు, పోనీ. నా చెవుల సంగతి, నా నెత్తికి అతుక్కున్న చెవుల సంగతి, నాకంటే ముందు ఎదురింటికిచ్చావు! ఆ కబురు మోసుకుని వాడు నా ఎదురుగా కూర్చుని బిస్కెట్లు తిన్నాడు. నా లోటు మొదట నీకు తెలిస్తే రెండోవాణ్ణి నేను కావాలి. మీరిద్దరూ నిజంగా తప్పు చేసుంటే ఇద్దరితోనూ పోట్లాడి ఉందును. నన్ను చూసి మీరిద్దరూ జాలిపడితే ఎవరితో పోట్లాడను? తట్టుకోలేడని ఎవరు చెప్పారు నీకు? సుత్తి జారి వేలు నలిగితే గుడ్డ చుట్టి షిఫ్టు పూర్తి చేసినవాణ్ణి. చెవిటివాడా అంటే చచ్చిపోతానా?

బుడిపెని నడవలోకి మార్పించా. మోగుతూనే తెల్లగా మెరిసే రకం ఇంకొకటి ఉంటుందట, చెవిటివాళ్ళ కోసం చేసింది. అది నా కుర్చీ ఎదురుగా పెట్టిస్తున్నా. చెవిటి అన్న ఆ మాట నా చేత్తో నేనే రాశాను చూసుకో. ఎవరూ దాచిపెట్టాల్సిన పని లేదు.

చెవుల డాక్టరు సోమవారం పొద్దున్న రమ్మన్నాడు. చెవులకి ఏదో తగిలించి రకరకాల కూతలు వినిపిస్తాడట, ఇది వినపడిందా, ఇది వినపడిందా అని అడుగుతాడట. "చెల్లెమ్మ ఊళ్ళో లేదుగా, నేను తోడొస్తా బావగారూ" అన్నాడు టైలరు. నేను సరే అనలేదు. వినపడలేదు, వినపడలేదు అని నేను చెప్పుకునేటప్పుడు పక్కన వాడు కూర్చోడానికి వీల్లేదు. అది నీ చోటు. నువ్వు రాకపోతే ఖాళీగా ఉంటుంది గానీ ఇంకొకరికివ్వను. మీ చెల్లెలికి మొగుడున్నాడు, రెండు రోజులు గరిటె పట్టుకోమను. వస్తావో రావో శనివారం సాయంత్రంలోగా నాకు తెలియాలి. వస్తే రా, లేకపోతే రాయి. ఏదైనా నాకే చెప్పు. టైలరు చేత కబురు పంపావో, తలుపు తియ్యను.

ఇంకా కోపంగానే ఉన్న
నీ మొగుడు