లీడర్ని ఎందుకు పంపేశామంటే

అక్కకు,

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ వేళకు తింటోంది, వేళ కాని వేళ కూడా తింటోంది. నువ్వూ బావగారూ బాగున్నారని ఫోటోలు చూస్తే తెలుస్తూనే ఉంది కాబట్టి ఆ ప్రశ్న దాటేస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. అన్నీ ప్రశ్నలే. అమ్మ బళ్లో పరీక్ష పేపర్లు కూడా ఇంత కఠినంగా ఉండేవి కావు. ఫోనులో జవాబు చెప్పొచ్చు గానీ, నేను నోరు తెరవగానే నువ్వు అడ్డుపడతావు, నేను గొంతు పెంచుతాను, ఎవరో ఒకరం ఫోను పెట్టేస్తాం. కాగితం మీదైతే చివరిదాకా వినక తప్పదు.

అమ్మ ఎందుకు చిక్కిపోయిందని అడిగావు. చిక్కలేదు. నువ్వు చూసే కెమెరా గది మూల పైన ఉంది. అంత ఎత్తునుంచి చూస్తే నేనూ నాజూగ్గానే కనిపిస్తాను.

మరి ఆ కెమెరా ఎందుకు ఆగిపోయిందంటావా, నేనే పీకేశాను. నువ్వు నీ వంటింట్లో కూర్చుని "దిండు కిందికి జారింది, కిటికీ వెయ్యమను, ఆ పిల్ల ఫోను చూసుకుంటోంది" అని రోజుకు పదిసార్లు ఫోను చేసేదానివి. ఇక్కడ దిండు సర్దేది ఒకరు, మాట పడేది ఒకరు. నీకు రెండూ లేవు.

"ఆ పిల్ల" అని రాశావు మళ్లీ. అమ్మను చూసుకోవడానికి ఏజెన్సీ పంపిన ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్లు. వాళ్ల దేశంలో పళ్ల డాక్టరు దగ్గర పదకొండేళ్లు పనిచేసింది. అందుకే ఎవరికీ నోరు తెరవని అమ్మ, ఆమె బ్రష్షు పట్టుకు వస్తే బుద్ధిగా "ఆ" అనేది. ఇక్కడికి వచ్చిన ఆర్నెల్లలోనే మన మాట ముక్కలు ముక్కలుగా నేర్చుకుంది. మతిమరుపు వచ్చాక అమ్మకి ఇల్లంతా తను పాఠాలు చెప్పిన బడే కదా, ఆమెకు "లీడర్" అని పేరు పెట్టింది. మా ఆయన అటెండరు. నేను రోజూ ఆలస్యంగా వచ్చే పిల్లని. తెర మీద నువ్వు కనిపిస్తే చాలు, ఇన్‌స్పెక్షన్ వచ్చిందని అమ్మ జుట్టు సర్దుకునేది. నీకది ప్రేమగా కనిపించింది. అది భయం.

నాకు లీడర్ అంటే పడేది కాదు. ఇది ఇప్పటిదాకా నీకు చెప్పలేదు. అమ్మ నా చేతి ముద్ద ఉమ్మేసి, ఆమె చేతి ముద్ద మింగేది. అమ్మను కన్నకూతురిలా చూసుకుంటోందని వచ్చినవాళ్లంతా ఆమెను మెచ్చుకుంటుంటే, కన్నకూతురు పక్కనే కాఫీలు కలుపుతూ ఉండేది. కడుపు మండేది అక్కా.

ఇక నీ అసలు ప్రశ్న. అమ్మ మణికట్టు మీద కమిలిన మచ్చ కెమెరాలో నీకే కనపడితే, ఇంట్లో ఉన్న నేను గమనించలేదా అని అడిగావు.

గమనించాను. అది చేసింది నేనే.

ఆ రోజు ఆదివారం, లీడర్‌కు సెలవు. తన గదిలో బట్టలు మడుచుకుంటోంది. "స్నానం నేను చేయిస్తాలే" అని పంతానికి అమ్మను తీసుకెళ్లాను. ఒంటి మీద నీళ్లు పడగానే అమ్మ "ఎవరే నువ్వు? లీడర్ని పిలువు!" అని కేకలు వేసింది. మగ్గు విసిరింది. నా మొహం మీద ఉమ్మింది. మణికట్టు పట్టుకున్నాను. పట్టుకున్నాను అని రాస్తే చిన్నగా ఉంది. నలిపేశాను. "నీ కూతుర్నే, నీ కూతుర్నే" అని అరుస్తూ ఆ ఎముకల మనిషిని ఊపేశాను. లీడర్ పరుగెత్తుకొచ్చింది. నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి, అమ్మకు తువ్వాలు చుట్టి తీసుకుపోయింది.

సాయంత్రం కెమెరాలో మచ్చ చూసి నువ్వు ఫోను చేశావు. స్పీకర్‌లో ఉంది. "ఆ పిల్ల అమ్మను కొట్టింది, అవునా?" అన్నావు. లీడర్ నా ఎదురుగానే నిలబడి ఉంది.

నేను "ఊఁ" అన్నాను.

అంతే. నువ్వు ఏజెన్సీకి కంప్లయింట్ రాశావు, మర్నాడు వాళ్ల వ్యాను వచ్చింది. ఆమె సంచీ సర్దుకుని "నేను కాదు" అని మాత్రం అంది. ఎవరు చేశారో చెప్పలేదు.

పంతొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. శుక్రవారం మొహం కడిగిస్తుంటే అమ్మ నా చెయ్యి చూసి తన చెయ్యి వెనక్కి లాక్కుంది. నా పేరు మరిచిపోయింది, నేను ఎవరో మరిచిపోయింది, అది మాత్రం మరిచిపోలేదు. ఆ పూటే ఏజెన్సీ ఆఫీసుకు వెళ్లి జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను. మేనేజరమ్మ రెండుసార్లు చదివి లీడర్ని పిలిపించింది.

"తప్పు నాది. ఇంటికి రా, అమ్మ నిన్నే అడుగుతోంది" అన్నాను.

"అమ్మ అడుగుతుంది, నాకు తెలుసు" అంది. "నేను రాను."

"అప్పుడే నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎవరు నమ్ముతారు? నీ ఇల్లు, నీ అమ్మ, నీ అక్క. నాది ఏముంది అక్కడ? సంచీ." లేచి నిలబడి, "పళ్లు తోమేటప్పుడు ఎడమవైపు మెల్లగా తోము. అక్కడ పుండు ఉంది" అని చెప్పి వెళ్లిపోయింది.

నేను చూశాను, పుండు ఉంది. ఇన్ని రోజులూ నాకు కనపడలేదు, నీ కెమెరాకీ కనపడలేదు.

కొత్త మనిషి ఎప్పుడొస్తుందని అడిగావు. రాదు. తనిఖీ అయ్యేదాకా మన ఇంటికి ఎవరినీ పంపరట. న్యాయమే. నేను ఉద్యోగానికి సెలవు పెట్టాను.

కానీ ఈ ఉత్తరం అందుకు కాదు. ఒప్పందం నీ పేరున ఉంది, కంప్లయింటూ నీదే. నేను ఎంత రాసిచ్చినా నువ్వు సంతకం పెట్టి వెనక్కి తీసుకోకపోతే ఆమె కాగితాల మీద ఆ మచ్చ పోదట. ఇంకెక్కడా పనిచేయనివ్వరు, వెనక్కి పంపేస్తారు. ఎవరో ముసలాయన ఇంటివాళ్లు ఆమె కోసం ఈ నెలాఖరు దాకా ఆగుతామన్నారు. ఫారం ఇందులోనే పెట్టాను. నువ్వు చూడనిది చూసినట్టు రాశావు, నేను చూసింది దాచాను. ఇందులో ఎవరి వాటా ఎంతో తర్వాత పోట్లాడుకుందాం. నన్ను తిట్టడానికి ముందు, బావగారికి చెప్పి ఏడవడానికి ముందు, ఫారం నింపి ఆ రోజే కొరియర్‌లో వెయ్యి.

ఇట్లు,
నీ సంతకం కోసం ఎదురుచూస్తున్న
చెల్లెలు