పై అంతస్తు కిటికీలు

కరీంనగర్,
10 ఆగస్టు 2025, ఆదివారం.

చెల్లె శ్యామలకు,

నాకంటే చిన్నదానివైనా నమస్కారంతోనే మొదలుపెడుతున్నాను. ఇక్కడ ఇంట్లోనూ, షాపులోనూ అందరం కులాసా. మంచిర్యాలలో నువ్వూ, నీ బిడ్డ అమూల్యా బాగున్నారని తలుస్తాను. పిల్ల ఇంటర్‌కు వచ్చిందని, నువ్వు ఇంటి దగ్గరే చీరలకు ఫాల్స్ కుడుతున్నావని విన్నాను. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవని తెలుసు. అందుకే ఈ కాగితం.

రెండేళ్ల కింద శ్రావణంలో జరిగింది నీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. కానీ ఈ ఉత్తరం దాని గురించే కాబట్టి రాయక తప్పదు. మన చీరల షాపు పై అంతస్తులో లైట్ల కింద రంగు తెలియడం లేదని ఒక గిరాకీ అడిగితే, నువ్వు నెమలికంఠం రంగు పట్టుచీర పట్టుకుని ఆమెతో కింద గడప దాకా వెళ్లావు. వెలుతురులో చూపించి, తెచ్చి బల్ల మీద పెట్టానన్నావు. షాపు మూసేముందు చూస్తే ఆ చీర లేదు. పద్నాలుగేళ్లు మా దగ్గర పనిచేసిన మనిషివని చూడకుండా, కౌంటరు దగ్గర అందరి ముందూ నీ సంచి విప్పమన్నాను. నువ్వు సంచి విప్పావు. టిఫిన్ డబ్బా మూత కూడా తీసి చూపించి వెళ్లిపోయావు, మళ్లీ రాలేదు. దొంగ అన్న మాట మాత్రం నీ వెంట మంచిర్యాల దాకా వచ్చింది.

ఇప్పుడు ఆ మాట పోయింది. ఎలా పోయిందో వరసగా చెబుతాను, ఓపిక పట్టు.

ఈ మార్చిలో కరెంటు బిల్లు చూసి నాకు దిమ్మ తిరిగింది. ఎండలు ముదరకముందే నెలకు ఆరువేల యూనిట్లు దాటాయి. మేడ మీద సోలార్ పలకలు వేయించేద్దామని, మన షాపుకు వైరింగ్ చేసిన చాంద్‌పాషాను పిలిపించాను. ఆయన తన బిడ్డ నౌషీన్‌ను పంపాడు. ఇంజనీరింగ్ చదివి, పెద్ద భవనాల్లో కరెంటు ఎక్కడ వృథా అవుతుందో పట్టి చెప్పే పని చేస్తోంది. ఏ కంపెనీ పలకలు మంచివని నేను అడుగుతుంటే, ఆ పిల్ల పలకల మాటే ఎత్తదు! మూడు రోజులు పై అంతస్తులో స్టూలు వేసుకుని కూర్చుంది. చాయ్‌లు తాగడానికి వచ్చిందా అనుకున్నాను.

నాలుగోనాడు వచ్చి, సేటూ, మీరు రెండు వందల హాలోజన్ బుగ్గలు ఎలిగించి, గా ఏడిని సల్లార్చెతందుకు ఐదు ఏసీలు నడిపిస్తుండ్రు, గిట్లయితే మేడంత పలకలు పరిచినా సాలవు, ముందుగాల వాడకం తగ్గించుండ్రి, పలకల ఫికర్ తర్వాత, అంది. ఇంకో మాట కూడా అంది. మూడు రోజుల్లో నలభై ఒక్క మంది పట్టుచీర పట్టుకుని మెట్లు దిగి గడప దగ్గరికి పోయారట, కూర్చుని లెక్కపెట్టింది. గింత కరెంటు కాల్చి మీరు సూపెడుతున్న రంగును ఒక్కరు గూడ నమ్ముతలేరు సేటూ, అంది. నాకు రోషం వచ్చింది. ముప్పై ఏళ్లుగా చీరలు అమ్ముతున్నవాణ్ని, నాకా చెప్పేది! కానీ చివరికి ఆ పిల్ల చెప్పినట్టే చేశాను.

ఏప్రిల్‌లో హాలోజన్లు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టించాం. మర్నాటికే పై అంతస్తులో వేడి తగ్గింది. పాత ఏసీలు మూడింటిని మార్చి, రెండింటిని ఆపేశాం. ఆ తర్వాతే ఇరవై కిలోవాట్ల పలకలు మేడ ఎక్కాయి. గ్రానైటు లారీల పుణ్యమా అని వారం తిరిగేసరికి వాటి మీద తెల్లటి దుమ్ము పొర. కడిగే పని సత్తమ్మ తన మీద వేసుకుంది. ఊడ్చే చోట అడుగు పెడితే నన్ను కూడా అదిలించే సత్తమ్మే. ఎండెక్కిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగులుతుందని నౌషీన్ చెప్పిన నాటి నుంచి పొద్దున ఆరింటికే వస్తోంది. జూలైలో షాపు మొత్తం వాడింది నాలుగువేల యూనిట్లు. అందులో సగం మన మేడ మీదే పుట్టాయి.

కిటికీల దగ్గర మాత్రం నేను మొండికేశాను. పై అంతస్తు ఉత్తరం గోడకు నాలుగు కిటికీలున్నాయి. దుమ్ము పడుతుందని, ఎండకు పట్టు రంగు వెలిసిపోతుందని నువ్వు చేరకముందే చెక్కలు కొట్టించి, ముందర ర్యాకులు పెట్టించాను. అక్కడ కిటికీలున్నట్టు నీకు తెలియను కూడా తెలియదు. ఉత్తరం దిక్కు ఎండ పెద్దగ పడది, ఎలుతురే వస్తది, పగటీలి లైట్లే అక్కర్లేదు, అని నౌషీన్ వదలకుండా చెప్పింది. చివరికి ఆషాఢంలో గిరాకీ పలచగా ఉన్నప్పుడు సరేనన్నాను.

వడ్రంగి రెండో కిటికీ చెక్క ఊడదీస్తుంటే, ర్యాకు వెనక సందులోంచి నెమలికంఠం చీర జారి పడింది. మన సేల్స్‌మన్ కుమార్ చీటీ మీది నంబరు చదివాడు. అదే చీర. నేను అందరినీ నిలబెట్టి, ర్యాకు పైనుంచి జారిపోయిన చీరకు శ్యామలను అనరాని మాట అన్నాం, ఆమె తప్పేమీ లేదు, అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. మంచిర్యాల సేట్లకు కూడా కబురు పంపాను.

ఇప్పుడు కిటికీల దగ్గర పొడుగు బల్ల వేయించాను. చీర అక్కడే పరిచి చూస్తున్నారు, ఎవరూ మెట్లు దిగడం లేదు. నువ్వు వస్తే పై అంతస్తు మొత్తం నీకు అప్పగిస్తాను. అమూల్యకు ఇక్కడ కాలేజీలకు కొదవ లేదు. జరిగింది మనసులో పెట్టుకోకు. అందులో ఎవరి తప్పూ లేదు.

నీ రాక కోసం చూస్తూ,
కైలాసం.

తా.క. పైనదంతా రాసి మూడు రోజులైంది. కవరులో పెట్టి, అంటించబోయి, మళ్లీ బయటికి తీశాను. కరెంటు సంగతంతా నిజం. చీర దొరికిన సంగతి అబద్ధం.

ఆ చీర నువ్వు వెళ్లిన నాలుగు నెలలకే నేత వ్యాపారి దగ్గర్నుంచి, ఇది తనది కాదంటూ, పార్శిల్‌లో వాపసు వచ్చింది. నీ సంచి విప్పించిన రోజే, అంతకుముందు, అమ్ముడుపోని చీరలు ఆయనకు తిరిగి పంపుతూ, నువ్వు బల్ల మీద పెట్టినదాన్ని కూడా చూసుకోకుండా నా చేతులతో నేనే మూటలో కట్టాను. వచ్చిన చీరను ఇంటికి తీసుకెళ్లి బీరువా అడుగున దాచాను. నలుగురి ముందు నీ సంచి విప్పించినవాణ్ని, నలుగురి ముందు తప్పు నాదని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. పోయినేడు మంచిర్యాల నుంచి ఒక బట్టల సేటు ఫోన్ చేసి, శ్యామలను పనిల పెట్టుకుందామనుకుంటున్న, మనిషి ఎట్లాంటిదని అడిగాడు. చీర అప్పటికి నా బీరువాలోనే ఉంది. నేనేం చెప్పాలె, నీ ఇష్టం, అన్నాను. నీకు ఆ పని ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది కదా.

కిటికీలు విప్పుతారనగా, సెలవు రోజు ఒక్కణ్నే వెళ్లి చీరను ఆ సందులో జారవిడిచాను. నీ పేరు బాగుపడుతుంది, నా పేరు చెడదు అనుకున్నాను.

అందరూ చప్పట్లు కొడుతుంటే సత్తమ్మ ఆ చీర అంచును రెండు వేళ్లతో రాసి చూసుకుంది. తర్వాత నేనొక్కణ్నే ఉన్నప్పుడు వచ్చి, గన్నేండ్ల సంది మూసిన సందుల పడున్న చీరెకు పిసరంత దుమ్ము లేదేంది సేటూ, అంది. జవాబు కోసం ఆగలేదు. అప్పటి నుంచి పనికి వస్తోంది గానీ నాతో మాట్లాడడం లేదు.

ఈ పొద్దు పలకలు కడగడానికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి, ఇంతవరకు రాసిందంతా చదివి వినిపించాను. గీ ముచ్చట నాకు చెప్తే ఏమొస్తది, ఆమె సంచి ఏడ ఇప్పించినవో ఆడనే నిలబడి చెప్పు, అంది.

వచ్చే సోమవారం పది గంటలకు అదే కౌంటరు దగ్గర చెబుతాను. మంచిర్యాల సేటుకు నేనే ఫోన్ చేస్తాను. నిన్ను రమ్మని అడిగే ముఖం నాకు లేదు. నేను పిరికివాణ్నని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది కాబట్టి, ఈ కాగితం చింపకు. సోమవారం నేను నోరు విప్పలేదని తెలిస్తే, దీన్ని నీకు నచ్చినవాళ్లకు చూపించు. అందుకే పూర్తి పేరు రాసి సంతకం చేసి, షాపు ముద్ర కూడా వేశాను.

ఆడెపు కైలాసం
13-8-2025