బర్రెకు బదులు పెట్టె

కడప,
సోమవారం

మేనత్త ఓబులమ్మకు,

నీ మేనకోడలు శివపార్వతి నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. ఎండ నాకంటే బాగుంది.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని అడుగుతావు. మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ రంగన్న మామ జేబులో ఉంటుంది. మామ టీ హోటల్లో ఉంటాడు. ఎవరు చేసినా స్పీకర్ పెడతాడు. పోయినేడు నా ప్రాజెక్టు ఫెయిలయిందని నీకు చెప్పుకుందామని ఫోన్ చేస్తే, హోటల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా "అయ్యో పాపం!" అన్నారు. బజ్జీలు వేసే ఆయన విడిగా ఓదార్చాడు. అందుకే ఈ ఉత్తరం.

మా డిజైన్ కాలేజీలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఏమిటంటే, మనిషి యంత్రంతో మాట్లాడాలి, యంత్రం మనిషికి బదులివ్వాలి, ఆ మాటల్లో మనసు బయటపడాలి. పోయినేడు కూర్చుంటే ఏడ్చే కుర్చీ చేశాను. పరీక్షకు వచ్చినవాళ్ళెవరూ కూర్చోలేదు. ఈసారి కూడా తప్పితే నన్ను పత్తికొండ టమాటా మండీలో కూర్చోబెడతానని నాన్న తేల్చి చెప్పాడు. నేను మాత్రం పాస్ కాకుండా కడప వదలను. ఇది ఖాయం.

బస్సు పార్సిల్లో నీకొక పెట్టె వస్తుంది. దాని పేరు 'మౌనం'. ఎర్ర బటన్ నొక్కి, ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటి చెప్పాలి. పెట్టె ఆ మాటను దాచుకుని, అంతకుముందు ఇంకెవరో చెప్పిన మాటను తనకు తోచినట్టు వినిపిస్తుంది. నెల రోజులు మీ మగ్గాల వీధిలో తగిలించు. ఆ మాటలే నా పరీక్ష.

నీ
శివపార్వతి

తా.క. పెట్టెలో స్పీకర్ ఉందని మామకు చెప్పొద్దు.


కోసిగి

పాప శివపార్వతికి,

అత్త ఓబులమ్మ దీవించి రాసేది. ఈడ మేమంతా క్షేమం, వీధి కుళాయి తప్ప.

పెట్టె వచ్చింది. మాకూ పక్కింటి హనుమమ్మకూ నడుమ గోడ ఉండాది గదా, దానికి మేకు కొట్టి తగిలించినా. ఎవరికీ చెప్పుకోలేని మాట చెప్పండప్పా అని వీధంతా చెప్పినా. ఎవరికీ చెప్పుకోలేనిది మా వీధిలో ఏముంటాది? రామేశ్వరమ్మ వచ్చి గ్యాస్ బండ రాలేదని చెప్పి, పనిలో పనిగా ఆధార్ నంబర్ కూడా చదివింది. వీరభద్ర పింఛను సంగతి చెప్పినాడు. కడప నుంచి వచ్చిన పెట్టె కాబట్టి నేరుగా కలెక్టరుకు పోతాదని అందరూ అనుకుంటాండారు. నేను కాదనలా. కాదంటే ఒక్కరూ రారు.

నా మాట నేనూ చెప్పినా. ఆరేండ్ల కిందట నేను మగ్గం మీద పాత పడుగు దారాల కొసలకు కొత్త పోగులు అతుకుతాంటే, ఈ హనుమమ్మ వీధి వీధంతా ఇనేట్టు, "ఓబులమ్మ అతుకు కోడి కెలికినట్టుండాది" అనింది. నా పనిని! ఆపొద్దు నుంచి మాకు మాటల్లేవు. మాటల్లేనంత మాత్రాన చెప్పాల్సింది చెప్పకుండా ఉంటామా? నేను మా బర్రెకు చెప్తాంటి. "ఏమే బర్రే, కొందరు కల్లాపి నీళ్ళు పక్కోళ్ళ వాకిట్లోకి చల్లుతాండారు, చూసినావా?" అని. ఆ యమ్మ తన కోళ్ళకు చెప్పి నాకు జవాబిస్తాండె. పోయిన ఎండాకాలం మేత దొరక్క బర్రెను అమ్మేస్తిమి. అప్పటి నుంచి నా మాట కడుపులోనే ఉండిపోయింది. బర్రెకు బదులు నువ్వు పెట్టె పంపినావు. నూరేండ్లు సల్లగా బతుకు.

ఇట్లు,
ఓబులమ్మ

తా.క. నేను హనుమమ్మను బాగా దులిపి బటన్ వదిలితే, పెట్టె నాకు రామేశ్వరమ్మ ఆధార్ నంబర్ చెప్పింది. నేనేం చేసుకోవాలి దాన్ని?


కడప

అత్తా,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి తల పట్టుకుని కూర్చున్నాను. మిగతా అంతా కులాసా.

అది అర్జీల పెట్టె కాదు. తిట్ల పెట్టె అంతకన్నా కాదు. దాని పేరు మౌనం! మాకు మార్కులు వేసే క్రిస్టినా మేడం చాలా గట్టి మనిషి. "మనుషులు లోపల దాచుకున్న ప్రేమ, భయం, దిగులు వినిపించాలి" అంది. గ్యాస్ బండ వినిపిస్తే నన్ను గేటు దాకా తరుముతుంది. దయచేసి అందరితో మెత్తటి మాటలు చెప్పించు. నువ్వు హనుమమ్మత్తను తిట్టిన తిట్లు పెట్టె ఇంకెవరికో వినిపిస్తుందని మర్చిపోకు.

శివపార్వతి

తా.క. బర్రె సంగతి ఇంత బాగా ఉంటుందని తెలిస్తే బర్రెనే ప్రాజెక్టుగా పెట్టేదాన్ని.


కోసిగి

పాపకు దీవెనలు. నీ పెట్టె మహిమ చెప్తా, కూర్చుని చదువు.

వీరభద్ర పింఛను ఏమైందో కనుక్కుందామని మళ్ళీ వచ్చి బటన్ నొక్కినాడు. లోపల్నుంచి నా గొంతు, "చేసిందంతా చేసి ఏమీ ఎరగనట్టు తిరుగుతాండావే, నీకు సిగ్గుందా?" అని గట్టిగా అడిగింది. అది నేను హనుమమ్మను అనిండేది. వీరభద్ర మొగం పాలిపోయింది. గమ్మున ఇంటికి పోయి, ఎప్పుడో నాగలత ఇంటి నుంచి ఎత్తుకపోయిన నిచ్చెన తెచ్చి వాకిట్లో పెట్టినాడు. నిచ్చెన పోయిందని నాగలతకే తెలీదు. ఆ యమ్మ నొక్కితే ఆ యమ్మకూ అదే మాట. పోయి రామేశ్వరమ్మ ఇడ్లీ రేకులు తెచ్చిచ్చింది. బసవరాజ్ అయితే బటన్ నొక్కనే లేదు. ఎందుకైనా మంచిదని ఇంట్లో ఉండే చేనేత సొసైటీ కుర్చీ తీసకపోయి సొసైటీలో పెట్టొచ్చినాడు.

ఇంగ వీధంతా పెట్టెకు దండాలు పెడ్తాండారు. హనుమమ్మ కూడా కోళ్ళను వదిలిపెట్టి పెట్టెతోనే మొదలుపెట్టింది. "పెట్టే, ఆ పక్కింటామె గొంతు తగ్గించమను" అనింది. తగ్గిస్తానా నేను?

మెత్తటి మాటలు అడిగితివి. కొంచెం ఓపిక పట్టు.

ఓబులమ్మ

తా.క. శుక్రవారం పెట్టెకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టినాము. నీళ్ళు రవ్వంత లోపలికి పోయినట్టుండాది. కొంగుతో తుడిచినా. 'కుయ్' అనింది. సంతోషంతోనేమో.


కడప (కార్డు)

అత్తా! టెంకాయ నీళ్ళా! పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోందా లేదా చూడు. వెలిగినా వెలగకపోయినా వెంటనే ఆదోని బస్సులో పంపించెయ్. పరీక్ష ముందుకు జరిగింది. శివపార్వతి.

తా.క. దానికి హారతి ఇవ్వొద్దు.


కోసిగి

పాపకు,

ఆశీస్సులు. కార్డు ముక్క మీద రాస్తివి కాబట్టి పోస్టు తెచ్చే దేవేంద్రప్ప దారంతా చదువుకుంటా వచ్చినాడు. "హారతి ఇయ్యొద్దంటమ్మా!" అని వీధి మొదట్లోనుంచే కేకేసినాడు. అప్పటికే ఇచ్చేసినాము.

పెట్టెను ఇప్పుడు పంపేదానికి కాదు. పొద్దు గూకే యాళకు నేను ఇటు, హనుమమ్మ అటు నిలబడి పెట్టెకు చెప్పుకుంటాండాము. మొన్న ఆ యమ్మ, "పెట్టే, ఆ పక్కింటామె కాళ్ళు వాచినాయి, ఉప్పు తగ్గించమను" అనింది. అది తిట్టో ప్రేమో తేల్చుకునేదానికి నాకు ఒక పూట పట్టింది. నేనూ ఊరికే ఉండలా. "పెట్టే, కొందరు శానా దగ్గుతాండారు, మిరియాల కషాయం తాగమను" అన్నా. నిన్న ఏమనిందో తెలుసా? "పెట్టే, ఆపొద్దు నేను అన్నదాంట్లో కోడి అనే మాట ఒకటి ఎక్కువైంది."

కోడి ఎక్కువైందంట! అంటే కెలికింది మాత్రం నిజమేనని గదా! ఆ కెలకడం కూడా ఆ యమ్మ ఎనక్కి తీసుకునేదాకా పెట్టె గోడ దిగదు. నువ్వు ఏడ్చినా సరే, నీ మేడం వచ్చి ఏడ్చినా సరే.

ఓబులమ్మ

తా.క. ఎర్ర లైటు సంగతి అడిగితివి. నాకు అంత దూరం చూపు ఆనదు. హనుమమ్మను అడుగుదామంటే మాటల్లేవు.


కడప

అత్తా,

తిట్టుకోకుండా చదువు. మొన్న నేనే కోసిగి వచ్చాను. నువ్వు సంతకు పోయి ఉన్నావు. పెట్టె దించుకుని తిరుగు బస్సెక్కాను. నువ్వు మొండిదానివైతే నేను నీ మేనకోడల్ని. హనుమమ్మత్త వాకిట్లోనుంచి చూసింది. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడింది.

ఇక్కడికొచ్చి పెట్టె విప్పితే లోపల చీమలు. మొదటి రోజుల్లో చెప్పినవే ఉన్నాయి. ఆధార్ నంబర్, పింఛను, నీ తిట్లు, చివర్లో టెంకాయ పగిలిన చప్పుడు, 'కుయ్'. అంతే! ఆ శుక్రవారంతో పెట్టె చచ్చిపోయింది. ఉప్పు తగ్గించమన్న మాట లేదు, కషాయం లేదు, కోడి లేదు. నాకు కావలసిన మాటలన్నీ గాలికి పోయాయి.

సోమవారం ప్రదర్శన. చూపించడానికి నా దగ్గర ఒక గ్యాస్ బండ ఉంది. ఇంకో పెట్టె చేసే టైము లేదు. అయినా వెనక్కి తగ్గను. చచ్చిన పెట్టెనే గోడకు తగిలించి పక్కన నిలబడతాను. ఏమడుగుతారో అడగనీ. కానీ నాకు భయంగా ఉంది అత్తా, చాలా భయంగా ఉంది. పత్తికొండ టమాటాల వాసన ఇప్పుడే వస్తోంది.

శివపార్వతి

తా.క. ఇన్ని రోజులూ మీరిద్దరూ ఎవరితో మాట్లాడినట్టు?


కోసిగి

దొంగపిల్లకు,

ఈసారి దీవెనలు లేవు. తర్వాత చూస్తాం.

పెట్టె చచ్చిపోయిందని మాకు తెలీదనుకుంటివా? టెంకాయ కొట్టిన సాయంత్రమే హనుమమ్మ, "పెట్టే, నువ్వు చచ్చిపోయినావని ఆ పక్కింటామెకు చెప్పు" అనింది. "నాకు ముందే తెలుసని చెప్పు" అన్నా నేను. బతికుండంగా అది మా నడుమ దూరి పింఛను మాటలు చెప్తాండె. చచ్చినాకనే నోరు మూసుకుని మా మాట ఇనింది. ఆ సంగతి నీకు రాస్తే బాగుచేస్తానని పట్టుకపోతావని రాయలా.

మరి నేరుగా మాట్లాడుకోరాదా అంటావు. నేరుగా మాట్లాడితే మాట్లాడినట్టయిపోతాది గదా! ముందు నోరు తెరిచినోళ్ళు ఓడిపోయినట్టు. నువ్వు పెట్టె ఎత్తుకపోయినాక సాయంత్రం అటు ఆ యమ్మ, ఇటు నేను, ఉత్త మేకును చూసుకుంటా నిలబడినాము. నాకు ఏడుపొచ్చింది పాపా. సిగ్గిడిచి చెప్తాండా.

నీ ఉత్తరం వచ్చినాక గోడ కాడికి పోయి గట్టిగా చదివినా, ఆ యమ్మకు ఇనపడేట్టు. సోమవారం తెల్లారే బస్సుకు ఇద్దరమూ వస్తాండాము. ఆ యమ్మ ముందు సీట్లో, నేను ఎనక సీట్లో. పెట్టెను ఎట్లుండేదాన్ని అట్లే తగిలించి పెట్టు. మా వీధి పెట్టెను పట్టుకపోయి ఫెయిలవుతానంటే నేను ఊరుకోను.

ఓబులమ్మ

తా.క. మీ మామ కూడా వస్తానన్నాడు. ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మన్నా. ఆలోచన చేస్తాండాడు.


కడప

అత్తకూ, హనుమమ్మత్తకూ,

ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం. గోడ దగ్గర గట్టిగా చదువు.

నిన్న మీరిద్దరూ పెట్టెకు చెరోపక్క నిలబడగానే నేను పక్కకు తప్పుకున్నాను. "పెట్టే, కెలికిందన్న మాట కూడా ఎక్కువేనని చెప్పు" అని హనుమమ్మత్త అనగానే నువ్వు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నావు. నేను చూశాను. ఇంకో పరీక్షకుడు ఉమామహేశ్వర సార్ వచ్చి బటన్ నొక్కి, "ఇది పనిచేయడం లేదే" అన్నారు. "చేస్తాండాది సార్, మీరే అడ్డం నిలబడినారు" అన్నావు చూడు, అప్పుడే నా పని అయిపోయిందనుకున్నాను.

మీరు బస్సుకు పోయాక జరిగింది విను. నేను పెట్టె దించబోతుంటే క్రిస్టినా మేడం ఆపింది. పెట్టె ముందు నిలబడి గొంతు సవరించుకుంది. "పెట్టే, ఉమామహేశ్వర గారికి చెప్పు. పోయినేడు ఈ అమ్మాయి కుర్చీకి ఇద్దరం కలిసి కూర్చుని మార్కులు వేయాల్సింది. ఆయన రాలేదు" అంది. సార్ కిటికీ వైపు తిరిగి, "పెట్టే, నన్నెవరూ పిలవలేదని మేడంకు చెప్పు" అన్నారు. "పెట్టే, నేనెందుకు పిలవాలో అడుగు." "పెట్టే, మరి నేనెందుకు రావాలో అడుగు."

అత్తా, వాళ్ళిద్దరికీ చాలా ఏళ్ళుగా మాటల్లేవట! నా కుర్చీకి ఎవరూ తక్కువ మార్కులు వేయలేదు. అసలు మార్కులే వేయలేదు. మార్కులు లేవు కాబట్టి ఫెయిలని వచ్చింది. నేను ఏడాది పొడుగునా ఆ కుర్చీని తిట్టుకుంటూ ఏడ్చాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరి మధ్యకూ పోయి నిలబడి, "పెట్టే, వీళ్ళు మార్కులు వేసేదాకా నేను ఇక్కడినుంచి కదలనని ఇద్దరికీ చెప్పు" అన్నాను.

ఇద్దరూ కలిసి కూర్చున్నారు. నేను పాసయ్యాను! నాన్నకు నువ్వే చెప్పు, నీ నోటితో చెప్తేనే నమ్ముతాడు.

మీ ఇద్దరి
శివపార్వతి

తా.క. పెట్టె మాత్రం మేడం, సార్ నాకు తిరిగివ్వలేదు. పోనీ బాగుచేసి ఇస్తానంటే "వద్దు" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరికీ కుదిరిన మొదటి మాట అదేనట. మీకు రేపటి బస్సులో కొత్త పెట్టె పంపుతున్నాను. పైన ఎర్ర బటన్ పెట్టాను. లోపల ఏమీ పెట్టలేదు.