గుండీలు కుడిదిక్కు

ఇఖ్రా బిడ్డా,

"రేపు హైదరాబాద్‌ల గా ఎంబీఏ కాలేజీ ఇంటర్వ్యూల సార్లు బిడ్డ కోటు చూసి నవ్వితే ఎట్ల?" అని పొద్దుగాల్నే మీ అబ్బనడిగిన. మిషిను కాడనే కూసున్నడు.

నువ్వు పండుకున్నవ్, లేపలే. మా చెల్లె, నీ ఖాలాకు పానం బాగలేదు, మంథని పోతున్న. కోటు లోపటికి తెల్ల కుర్తా వేసుకో, మెరిసేది వద్దు. గాజులు తియ్యి, చప్పుడైతయ్. దుపట్టాకు పిన్ను పెట్టు. బస్సుల కోటు తొడగకు, మడతలు పడ్తయ్.

ముప్పై ఏండ్ల సంది మగోళ్ల కోట్లే కుట్టిన చెయ్యి మీ అబ్బది. జర చూస్కొని కుట్టమన్న, విన్లే. నీ కోటుకూ గుండీలు మగోళ్ల లెక్క కుడిదిక్కే పెట్టిండు. కాజాలు కోసినంక ఇగ మారయ్. గా ఒక్కదానికి సీటియ్యరేమోనని నా ఫికర్.

కానీ తెల్లారంగ కల పడ్డది. గదే కోటు తొడిగి నువ్వు గోదారి మంచుల నడుస్తున్నవ్. నీళ్లు పక్కకు జరిగి నీకు తొవ్వ ఇస్తున్నయ్. నీ కోటు అంచు సుత తడవలే.

అమ్మీ

చెప్పులు తొడుగుతుంటె ఇప్పుడన్నడు మీ అబ్బ: "చెయ్యి తప్పింది. గానీ గింత మంచి కోటు నేను ఏ దొరకూ కుట్టలే. లేవంగనే ఒక్కసారి తొడిగి నాకు చూపియ్యమని రాయి."